కాలికి తగిలిన అక్షరములు

1987వ సంవత్సరము వేసవిలో తాళపత్ర ప్రతుల పరిశీలనకై మద్రాసు నగరమునకు పోయియుంటిని. ఒకనాటి మధ్యాహ్నము పని ముగించుకొని, హైకోర్టునకు సమీపమున నున్న ఆర్మీనియన్ వీథిలో నడచుచుండగా, ఒక పాత చర్చి తలుపు తెరచియుండుట కనబడినది. ఎండ తీవ్రముగా నుండుటచే నీడకొరకు లోపలికి పోయితినే గాని, భక్తిచేతను కాదు, పరిశోధనాసక్తిచేతను కాదు. అది 1772లో నిర్మింపబడిన ఆర్మీనియనుల చర్చి. ఆవరణమున నేలనంటి పరచిన సమాధిఫలకములు చాల కలవు. గంటల గోపురమువైపు చూచుచు నడచుచున్న నేను ఒక ఫలకముపై కాలు మోపితిని. క్రిందికి చూచినంతనే రాతిపై చెక్కిన అక్షరముల వరుసలు కనబడినవి. వెంటనే కాలు వెనుకకు తీసి, వంగి ఆ రాతిని తాకి, వ్రేళ్లు కన్నుల కద్దుకొంటిని. అద్దుకొన్న పిమ్మట గాని ఆ అక్షరములలో ఒక్కటియు నాకు తెలియదన్న సంగతి స్ఫురింపలేదు.

కాగితము కాలికి తగిలినచో కన్నుల కద్దుకొనుట మన యిండ్లలో పిల్లలకు సహితము అలవాటే. అందు వింత లేదు. వింత వేఱొకచోట నున్నది. అంతకు నాలుగు నెలల క్రిందటనే, భారతీయ భాషలన్నింటిని రోమను లిపిలో వ్రాయుట మేలని వాదించుచు నేనొక వ్యాసము ప్రకటించియుంటిని. ముద్రణ సౌకర్యము, టైపు యంత్రముల సౌలభ్యము, ఒక ప్రాంతమువారి గ్రంథములను మఱొక ప్రాంతమువారు చదువగలుగుట, ఇవి నా హేతువులు. లిపి భాషకు కట్టుబట్ట వంటిదనియు, బట్ట మార్చినంత మాత్రమున మనిషి మారడనియు అందు వ్రాసితిని. మా తండ్రిగారు పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆ వ్యాసము చదివి ఒక కార్డు వ్రాసిరి. "చిరంజీవిని ఆశీర్వదించి వ్రాయునది. నీ వ్యాసము చదివితిని. వాదము బాగుగనే యున్నది. అయిదవ యేట నిన్ను ఒడిలో కూర్చుండబెట్టుకొని, పళ్లెములోని బియ్యముపై నీ వ్రేలు పట్టి దిద్దించునపుడు, అది బట్ట యని నాకు తోచలేదు." అంతే. ఏమి ప్రత్యుత్తరము వ్రాయవలెనో తెలియక ఊరకుంటిని. మరుసటి యేడు ఆయన గతించిరి.

అర్థము తెలియని పరాయి భాషలో, ఎవరి సమాధిపైననో యున్న గీతలకు నా చేయి నమస్కరించినది. నా వాదమో, అందు నమస్కరింపదగిన దేమియు లేదని చెప్పుచున్నది. రెంటిలో ఏది నిజము? ఈ ప్రశ్నయే నన్ను ఆర్మీనియా అక్షరముల చరిత్రవైపు నడిపించినది. భాషాశాస్త్రవేత్తగా నేను చేసిన పనిలో ఇది చిన్న భాగమే. అయినను నన్ను ఎక్కువగా మార్చిన భాగమిదియే.

ఆర్మీనియాలో లిపికంటె మతమే ముందు వచ్చినది. సంప్రదాయము ననుసరించి 301వ సంవత్సరమున, గ్రెగరీ అను మహనీయుని బోధచే, తిరిదాతెస్ రాజు క్రైస్తవమును రాజ్యమతముగా స్వీకరించెను. గ్రెగరీని నేటికిని ఆ జనులు 'వెలుగునిచ్చినవాడు' అని స్మరింతురు. కాని ఆ వెలుగు గ్రంథరూపమున ప్రజలను చేరుటకు మఱియొక నూఱేండ్లు పట్టినది. ఆర్మీనియా భాషకు తనదైన లిపి లేదు. చర్చిలో పఠనము గ్రీకు భాషలోనో సిరియాక్ భాషలోనో జరుగుచుండెను. ప్రజలు వినుచుండిరి గాని గ్రహించుట లేదు. 387 ప్రాంతమున ఆ దేశము రోము, పారశీక సామ్రాజ్యముల నడుమ పంపకమైనది. పెద్ద భాగము పారశీకుల ఏలుబడి క్రిందికి పోయినది. ఇరువైపుల రెండు మహాసామ్రాజ్యములు, వాని భాషలు, వాని లిపులు. నడుమ వ్రాతలేని ఒక చిన్న జాతి. అట్టి స్థితిలో జాతి యెన్నాళ్లు నిలుచును?

మష్తోత్స్ జన్మించినది ఈ కాలముననే. మెస్రోప్ మష్తోత్స్ అనునది నేడు ప్రసిద్ధమైన నామము. తరోన్ ప్రాంతమున హత్సెకాత్స్ అను గ్రామము ఆయన జన్మస్థలము. గ్రీకు విద్య నేర్చి, రాజాస్థానమున లేఖకుడై, పిదప ఆ కొలువు విడిచి సన్యసించెను. గొఘ్‌తన్ అను ప్రాంతమున మతబోధ చేయుచు తిరిగెను. చేతనున్న గ్రంథమునకును, ఎదుటనున్న మనిషి భాషకును గల దూరము ఆయనకు అచ్చటనే తెలిసివచ్చి యుండును. మతాచార్యుడైన సహాక్, రాజైన వ్రమ్‌షాపూహ్, ఇరువురును ఆయనకు తోడ్పడిరి. దానియేలు అను సిరియా బిషప్పుకడ ఆర్మీనియా భాషకు పనికివచ్చు అక్షరములు కొన్ని కలవని రాజు విని, వానిని తెప్పించెను. సుమారు రెండేండ్లు పిల్లలకు ఆ అక్షరములనే నేర్పిరి. కాని అవి ఆ భాషలోని ధ్వనులకు చాలవని తేలినది.

ఈ వైఫల్యపు సంగతి నన్ను మొదట ఆకర్షించినది. మహిమలు చెప్పదలచినవాడు ఇట్టి సంగతిని దాచియుండును. మష్తోత్స్ శిష్యుడైన కొర్యూన్ దీనిని దాచలేదు. గురువు మరణించిన కొలదికాలమునకే ఆయన చరిత్రను వ్రాసిన కొర్యూన్, పాత అక్షరములు చాలకపోవుట, గురువు కొందఱు శిష్యులను వెంటగొని మెసొపొతేమియాకు పోవుట, అమిద్, ఎదెస్సా, సమోసత నగరములలో శ్రమించుట, అన్నింటిని వరుసగా చెప్పెను. సమోసతలో రూఫినుస్ అను గ్రీకు లేఖకుడు అక్షరముల రూపములను తీర్చిదిద్దుటలో సాయపడెను. ఇది 405 ప్రాంతపు మాట. అక్షరములు కుదిరిన వెంటనే అనువాదము ఆరంభమైనది. మొట్టమొదట అనువదించినది సొలొమోను సామెతల గ్రంథము. అందలి తొలి వాక్యము జ్ఞానమును, ఉపదేశమును ఎఱుగుటను గూర్చినది. ఒక జాతి వ్రాసిన మొదటి వాక్యము రాజప్రశస్తి కాదు, యుద్ధవిజయము కాదు, పన్నుల లెక్క కాదు.

ఆ శ్రమ నంతయు చెప్పిన కొర్యూన్, చివరకు ఆ అక్షరములు దైవానుగ్రహముచే లభించినవనియే చెప్పెను. గురువు తిరిగివచ్చుటను సీనాయి పర్వతమునుండి దిగివచ్చిన మోషేతో పోల్చెను. తరువాతి చరిత్రకారుడైన మొవ్సెస్ ఖొరెనాత్సి ఇంకొక అడుగు ముందుకు పోయి, ఒక దక్షిణహస్తము రాతిపై అక్షరములు వ్రాయుచున్నట్లు మష్తోత్స్‌కు అంతర్దృష్టిలో కనబడినదని వర్ణించెను. ఈ రెండు కథనములలో మొదటిది చరిత్రమనియు, రెండవది పురాణమనియు నేను విద్యార్థులకు చాలకాలము చెప్పుచుంటిని. ఇప్పుడు అంత తేలికగా చెప్పలేను. కొర్యూన్ దృష్టిలో శ్రమ వేఱు, అనుగ్రహము వేఱు కావు. ధ్వనులను లెక్కించుట, లేఖకుని వెదకుట, ఒకమారు తప్పి మరల ప్రయత్నించుట, ఇదియే అనుగ్రహము వచ్చిన త్రోవ. ఆకాశమునుండి ఊడిపడిన అక్షరములకు రెండేండ్ల వైఫల్యముతో పనియేమి?

ఆ వర్ణమాల నిర్మాణము చూచినవారికి ఈ మాట మఱింత స్పష్టమగును. మష్తోత్స్ కూర్చినవి 36 అక్షరములు. స్థూలముగా గ్రీకు వర్ణక్రమము ననుసరించి, గ్రీకులో లేని ధ్వనులకు నడుమ నడుమ క్రొత్త అక్షరములను చేర్చెను. ఎడమనుండి కుడికి వ్రాయుట, అచ్చులను విడిగా వ్రాయుట గ్రీకు మార్గమే. ఈ 36 అక్షరములు నాలుగు వరుసలలో తొమ్మిదేసిగా నిలుచును. మొదటి వరుస ఒకట్లు, రెండవది పదులు, మూడవది వందలు, నాలుగవది వేలు. ఈ విధమున ప్రతి అక్షరమును ఒక అంకెయే. మన కటపయాది పద్ధతి తెలిసినవారికి ఇది వింత గాదు. ఆర్మీనియా శకము 552లో ఆరంభమగును గాన, ఆ శకవత్సరమునకు 551 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఒక రాతిపై 1000, 200, 20, 5 విలువలు గల నాలుగు అక్షరములున్నచో, అది 1225. అనగా 1776.

మొదటి అక్షరముతో దేవుడను అర్థముగల 'అస్త్వాత్స్' శబ్దము మొదలగును. ముప్పదియాఱవ అక్షరముతో క్రీస్తు పేరు మొదలగును. దేవునితో ఆరంభమై క్రీస్తుతో ముగియు వర్ణమాల యని ఆ జనులు దీనిని భావింతురు. మధ్యయుగములో మఱి రెండక్షరములు చేరి 38 అయినను ఈ భావన చెదరలేదు. అన్నింటికంటె గొప్పది ఏడవ అక్షరము. దాని పేరు 'ఏ'. ఆ ఒక్క అక్షరమే ఒక పదము. దానికి 'ఉన్నాడు' అని అర్థము. మోషేకు దేవుడు తన్ను గూర్చి చెప్పుకొన్న మాటను తలపించునదగుటచే, ఆర్మీనియను చర్చిలలో పూజాపీఠమునకు పైభాగమున ఈ ఒక్క అక్షరమును వ్రాసి యుంచుట కలదు. విగ్రహము ఉండదగిన చోట అక్షరము నిలిచినది.

ఇచ్చట మన సంప్రదాయమును ఒకమారు తలపక తప్పదు. మనకు పవిత్రమైనది ప్రధానముగా ధ్వని. వేదము శ్రుతి. వ్రాసినది చూచి చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో ఒకనిగా లెక్కించినది. కనుక లిపిని బట్టతో పోల్చిన నా వాదమునకు మన ప్రాచీనులలో కొంత ఆధారము కలదని నేను సంతోషించితిని. కాని అక్షరాభ్యాసము చేయించునదియు, కాలికి తగిలిన కాగితమును కన్నుల కద్దుకొనునదియు ఆ జాతియే. శాస్త్రము ఒకటి చెప్పుచుండగా చేయి వేఱొకటి చేయుచున్నది. శాస్త్రమును మాత్రమే నేను చదివితిని. చేతిని చదువలేదు.

ఆర్మీనియాలో ఈ రెండును ఒకటియైనవి. అక్షరములు ఏర్పడిన పిమ్మట సహాక్, మష్తోత్స్, వారి శిష్యులు బైబిలును, సంఘపితరుల గ్రంథములను తమ భాషలోనికి తెచ్చిరి. శిష్యులు గ్రీకు, సిరియాక్ విద్యాకేంద్రములకు పోయి ప్రతులు సంపాదించి తెచ్చిరి. ఎజ్నిక్, కొర్యూన్ మున్నగువారు ఆ తరమువారే. ఆర్మీనియా చర్చి ఈ అనువాదకులను పరిశుద్ధులలో చేర్చినది. ప్రతి సంవత్సరము అక్టోబరు మాసమున 'పరిశుద్ధ అనువాదకుల' పర్వము జరుపుదురు. 440లో మరణించిన మష్తోత్స్ సమాధి ఒషకాన్ గ్రామపు చర్చిలో నున్నది. బడిలో చేరిన పిల్లలను అచ్చటికి తీసికొనిపోవుదురు. బియ్యముపై దిద్దించిన మా తండ్రిగారు ఆ ఆచారము వినియుండినచో సంతోషించి యుందురు.

అయితే పవిత్రత యొక్కటియే లిపిని బ్రతికింపగలదా? ఈ ప్రశ్నకు ఆ ప్రాంతపు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. జార్జియా భాషకును, కాకసస్ పర్వతప్రాంతమునందలి ఆల్బేనియనుల భాషకును సహితము మష్తోత్సే అక్షరములు కూర్చెనని కొర్యూన్ చెప్పెను. జార్జియా లిపి విషయమున ఆ దేశపు పండితులు దీని నంగీకరింపరు. ఆల్బేనియనుల కథ వేఱు. వారికిని చర్చి యుండెను, 52 అక్షరముల లిపి యుండెను. కాలక్రమమున ఆ జాతి ఇతర జాతులలో కలిసిపోయినది. చదువువారు లేక ఆ అక్షరములు కూడ కనుమఱుగైనవి. 1937లో ఒక ఆర్మీనియా వ్రాతప్రతిలో వాని పట్టిక మాత్రము దొరకినది. సీనాయి పర్వతమునందలి సెయింట్ కేథరిన్ మఠమున, తుడిచి మరల వ్రాసిన తోలుపుటల అడుగున, ఆ లిపిలోని బైబిలు పఠనభాగములు 1990 దశకమున గుర్తింపబడినవి. అదే కాలమున, అదే మతమున, అదే పని కొఱకు పుట్టిన లిపి, పండితులు యంత్రసాయమున చదువవలసిన వస్తువైనది. పుట్టుక పవిత్రమైనంత మాత్రమున చాలదు. ప్రతి తరమును మరల దిద్దవలెను.

ఆర్మీనియనులు ఎట్లు దిద్దిరో, ఎట్లు మోసిరో చెప్పుటకు ఒక గ్రంథము చాలును. 1200 మొదలు 1202 వఱకు వ్రాయబడిన 'ముష్ ప్రసంగసంపుటి' సుమారు 28 కిలోల బరువుగల తోలుపుటల గ్రంథము. 1915 నాటి మారణకాండలో పాడుపడిన ఒక మఠమున ఇద్దఱు స్త్రీలు దానిని కనుగొనిరనియు, ఒక్కరు మోయలేక రెండు భాగములు చేసిరనియు చెప్పుదురు. ఒక భాగము ఎచ్మియాద్జిను చేరినది. రెండవది ఎర్జెరూములోని మఠమున పాతిపెట్టబడి, తరువాత బయటపడినది. నేడు ఆ రెండును యెరెవానులోని మతెనదరాన్ అను వ్రాతప్రతుల భాండాగారమున ఒక్కచోట నున్నవి. ప్రాణము దక్కించుకొనుటకు పోవువారు తిండిమూట విడిచి తోలుపుటలు మోయుట కట్టుబట్ట కొఱకు కాదు.

నేను కాలు మోపిన మద్రాసు ఆవరణము కూడ ఇట్టి మోతలో ఒక మజిలీ. పారశీక దేశమునుండి వచ్చిన ఆర్మీనియను వర్తకులు అచ్చట స్థిరపడి, 1772 నాటికే తమ అక్షరములతో ముద్రణాలయము నడపిరి. ఆ చర్చి పురోహితుడైన హరుత్యూన్ ష్మవోన్యాన్ 1794లో 'అజ్దరార్' అను పత్రికను ప్రకటించెను. ప్రపంచమున ఆర్మీనియా భాషలో వెలువడిన మొదటి పత్రిక అదియే. రెండేండ్లే నడచినది. తమ దేశమున స్వరాజ్యము లేని జాతి, సముద్రతీరపు పరాయి నగరమున, తన అక్షరములలో వార్తలు చదువుకొన్నది. ష్మవోన్యాన్ సమాధియు ఆ ఆవరణముననే కలదు. హైదరాబాదులోని ఉప్పుగూడలో గల ఆర్మీనియనుల శ్మశానమున 17వ శతాబ్దము నాటి ఫలకములపైనను ఈ అక్షరములే కలవు. మన ఊళ్లలోనే యున్నను మనము చూడము.

ఇంత చెప్పినను లిపిని ముట్టరాదని నేననను. ఆర్మీనియనులే అక్షరములను చేర్చుకొనిరి. 1922లో సోవియట్ ఆర్మీనియాలో వర్ణక్రమ సంస్కరణము జరిగినది. ప్రవాసులు చాలమంది పాత పద్ధతినే నిలుపుకొనిరి, వివాదము నేటికిని తీరలేదు. కాని సంస్కరణము వేఱు, విసర్జనము వేఱు. సోవియట్ కాలమున అనేక భాషల లిపులు మార్చబడినవి. పొరుగుననున్న అజర్‌బైజానీ భాష ఒక్క శతాబ్దములోనే అరబ్బీ లిపినుండి లాటినునకు, లాటినునుండి సిరిలిక్కునకు, 1991 పిమ్మట మరల లాటినునకు మారినది. తాత వ్రాసిన జాబును మనుమడు చదువలేని స్థితి అట్టి మార్పునకు వెల. నా వ్యాసమున ఆ వెలను లెక్కింపలేదు. నేను కోరిన మార్పు జరిగియున్నచో, మా తండ్రిగారి కార్డును నా మనుమరాలికి నేను చదివి వినిపింపవలసి వచ్చెడిది. ఇప్పుడు ఆమె పరదేశమున నుండి తెలుగు మాటలను రోమను అక్షరములలో టెలిఫోనుపై వ్రాసి పంపుచున్నది. ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఆ సలహా ఇచ్చినవాడను నేనే.

2019లో యునెస్కో సంస్థ ఆర్మీనియా అక్షరకళను మానవజాతి అమూర్త వారసత్వపు పట్టికలో చేర్చినది. ఆ సంవత్సరమే నేను మరల చెన్నై పోయితిని. 36 అక్షరములను అప్పటికి కూడబలుకుకొని చదువగలుగుదును. పాత ఫలకమును వెదకి దాని ప్రక్కన కూర్చుంటిని. పేరు అరిగిపోయినది, సంవత్సరము అరిగిపోయినది. మొదటి మూడు పదములు మాత్రము నిలిచియున్నవి. 'అయ్స్ ఏ తపన్'. 'ఇది సమాధి' అని అర్థము. ఆ జనుల సమాధులపై సాధారణముగా కనబడు ఆరంభవాక్యమే. నడిమి పదము ఒక్క అక్షరము. ఏడవది. పూజాపీఠముపై దేవుని ఉనికిని చెప్పు ఆ అక్షరమే, ఈ రాతిపై అతి సామాన్యమైన క్రియాపదమై, ఒక వర్తకుని ఎముకలున్న చోటును చూపుచున్నది. పవిత్రమైనది, నిత్యవ్యవహారమునకు పనికివచ్చునది వేఱువేఱు అక్షరములు కావు. ప్రతిదినము వాడుకలో నున్నందుననే అది పీఠముపై నిలిచినది. 1987లో నా చేతికి తెలిసిన సంగతి ఇదియే కాబోలు.

తండ్రిగారి కార్డునకు ప్రత్యుత్తరము వ్రాయుటకు నాకు ముప్పది యేండ్లకు పైగా పట్టినది. పంపవలసిన చిరునామా ఇప్పుడు లేదు గనుక ఈ పత్రికలో వ్రాయుచున్నాను. మనుమరాలికి అచ్చులను కాగితముపై పెద్దవిగా వ్రాసి పంపితిని. వానిలో మొదటి మూడు ఆమె దిద్ది పంపినది. మూడవది కొంచెము వంకరగా నున్నది.